ఆరిన సిరా మళ్లీ లేస్తుంది

ప్రశ్న: అక్కా, సంక్రాంతికి అమెరికాలో ఉన్న మా చెల్లెలికి, ఇక్కడి బంధువులకు కలిపి ఇరవై కార్డులు చేత్తో చేసి పంపాలని ఆల్కహాల్ ఇంకులు (ఆల్కహాల్‌లో కలిపిన రంగు సిరాలు) కొన్నాను. డ్రాయింగ్ షీటు మీద చుక్క వేస్తే పువ్వులా విచ్చుకోకుండా మరకలా ఇంకిపోయింది. మెరిసే ఫోటో పేపరు మీద కాస్త నయం. పలచన చేయడానికి శానిటైజరు కలిపితే రెండు రోజులైనా జిగురు పోలేదు. చివరికి బాగా వచ్చిన ఒకే ఒక్కదాని మీద మార్కరుతో ‘సంక్రాంతి’ అని మొదలుపెడితే ‘సం’ దగ్గరే అడుగు రంగు లేచి మార్కరు మొనకు అంటుకుంది. ఫ్యాను గాలికి రంగు చెదురుతోందని తలుపులు మూసుకుని, పూజగది పక్కన కూర్చుని చేస్తున్నాను. ఎక్కడ పొరపాటు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, ముందు ఆ పూజగది పక్క నుంచి లేవండి. మిగతావన్నీ తర్వాత. ఈ సిరాల్లో తరచూ ఉండే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 12 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి వదులుతుంది. మీ ఊళ్లో చలికాలంలోనూ గది అంతకన్నా వెచ్చగానే ఉంటుంది. పైగా ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంట పాకుతుంది. మీ దీపం ఉండేదీ నేల మీదే కదా! కిటికీలు తెరిచి, ఫ్యాను ఆపి, వరండా వైపు కూర్చోండి.

ఇక కాగితం. ఈ సిరా పీల్చని వస్తువు మీదే ఆడుతుంది. డ్రాయింగ్ షీటు పీల్చేస్తుంది. ఫోటో పేపరు పైపూత కూడా ప్రింటరు సిరాను తాగడానికి వేసిందే, అందుకే ఒక్కో రకం ఒక్కోలా వస్తుంది. ఇందుకు బాగా పనికొచ్చేది యూపో అనే పాలీప్రొపిలీన్ కాగితం. ఖరీదెక్కువ కాబట్టి చెయ్యి తిరిగేదాకా దాని జోలికి వెళ్లకండి. నేను స్నానాలగది పనిలో మిగిలిన తెల్ల టైలు ముక్క మీద నేర్చుకున్నాను. నచ్చకపోతే దూదితో తుడిచి మళ్లీ వేసేదాన్ని. ఆ ముక్క ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, ఒక మూల గులాబీ రంగు పట్టేసి.

శానిటైజరులో గ్లిజరిన్, చిక్కదనానికి వేసే బంక ఉంటాయి. అవి ఎగిరిపోవు, జిగురు అందుకే. ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణంలో సర్క్యూట్లు శుభ్రం చేసే ఐసోప్రొపైల్ దొరుకుతుంది. 99 శాతం ఉన్నది అడగండి. 70 శాతం దాంట్లో మిగతాది నీళ్లే, అంచులు మెత్తబడిపోతాయి. సిరా రెండు చుక్కలు, పక్కనే ఆల్కహాల్ ఒక చుక్క. తర్వాత చెయ్యి కట్టుకుని చూడండి. కాఫీ గ్లాసు అడుగు మరకకు అంచు ముదురుగా ఉంటుంది చూశారా, ఇక్కడా అంతే: అంచు ముందు ఆరుతుంది, లోపలి తడి రంగును మోసుకుంటూ అటే పరుగెడుతుంది. తొందరపడి ఊదితే ఆ గీత పోతుంది. ఊదాలనిపిస్తే నోటితో వద్దు, కెమెరా దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి చాలు. భోగిమంటలా కావాలంటే పసుపు, నారింజ, కొంచెం ఎరుపు. ఆకుపచ్చ కూడా పడిందంటే బురదే.

మార్కరు సంగతి. ఆరినట్టు కనిపించినా ఆల్కహాల్ తగలగానే ఈ సిరా మళ్లీ కరుగుతుంది. మీ మార్కరులోనూ ఉన్నది ఆల్కహాలే. పైన వార్నిష్ స్ప్రే కొట్టవచ్చు కానీ మీ సముద్రతీరపు తేమలో అది తెల్లగా పొగచూరినట్టవుతుంది. నేను చేసే పని వేరు. నున్నటి ఓహెచ్‌పీ షీటు (ప్రొజెక్టరుకు వాడే పారదర్శక ప్లాస్టిక్ షీటు) మీద రంగు వేసి, పూర్తిగా ఆరాక బోర్లా తిప్పి, రంగువైపు లోపలికి ఉండేలా తెల్ల కార్డు మీద పెడతాను. నాలుగు అంచులకూ రెండువైపులా అంటుకునే టేపు, దాని మీద కిటికీలా కోసిన చట్రం. పైకి వచ్చేది శుభ్రమైన ముఖం. దాని మీద ఏ మార్కరుతోనైనా రాసుకోండి. తెల్ల పెయింట్ మార్కరుతో చుక్కల ముగ్గు వేస్తే వాకిలి గుర్తొస్తుంది. ఏ4 కార్డు షీటును సగానికి కోసి మడిస్తే 105×148 మిల్లీమీటర్లు వస్తుంది, బొమ్మను 95×138కి కోయండి.

ఒక్కమాట మీ చెల్లెలికీ రాయండి, కార్డును ఎండ పడే కిటికీలో పెట్టవద్దని. నా కార్డొకటి ఒక సంక్రాంతి నుంచి మరుసటి సంక్రాంతికి గులాబీ అంతా పోగొట్టుకుని వట్టి నీలం అయింది.

ప్రశ్న: బంగారు రంగు సిరా నీళ్లలా వస్తోంది. నకిలీదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కాకపోవచ్చు. లోహపు పొడి అడుగున పేరుకుంటుంది. సీసాలో గోలీ కదులుతున్న చప్పుడు వినిపించేదాకా ఊపండి, వేసే ప్రతిసారీ. కార్డుకు ఒక్క చుక్క చాలు. రెండో చుక్క వేశాక నాకు పెళ్లిపత్రికలా కనిపిస్తుంది.