పొగమంచుకూ ఆలస్యానికీ పొంతన కుదరకపోతే గడియారం చూడండి

గన్నవరం విమానాశ్రయంలో చలికాలపు పొగమంచుకూ విమానాల ఆలస్యానికీ సంబంధమే కనిపించడం లేదు, ఆలస్యాన్ని లెక్కగట్టే మోడల్ మార్చాలా అని అడిగారు కదండీ. మోడల్ జోలికి వెళ్లకండి.

మీ పట్టికలో మంచు రాత్రి 1:00కు దట్టమై 3:00కల్లా విడిపోతోంది. జనవరిలో ఒక్కసారి పొద్దున్నే ఏలూరు వైపు హైవే ఎక్కినవారెవరూ దీన్ని నమ్మరు! విమానాశ్రయాలిచ్చే మెటార్ వాతావరణ నివేదికల్లో సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. ‘150100’ పక్కన జెడ్ అక్షరం ఉంటే, 15వ తేదీ యూటీసీ 01:00, అంటే మన ఉదయం 6:30 అని అర్థం. విమానాల వేళలేమో మన కాలమానంలో ఉన్నాయి. మెటార్ సమయానికి 5:30 గంటలు కలపండి. 18:30 యూటీసీ నుంచి తేదీ కూడా మారుతుంది, అక్కడ చాలామంది జారిపడతారు.

ఇంకొకటి, నాకైతే ఇదే పెద్ద తప్పు. దిగిన సమయం ఖాళీగా ఉన్న వరుసలను తీసేశానన్నారు. మంచుకు దిగలేక హైదరాబాద్‌కు మళ్లిన విమానాలు, రద్దయినవి సరిగ్గా ఆ వరుసల్లోనే ఉంటాయి. వాటిని తీసేస్తే అసలు గడ్డురోజులే మాయమవుతాయి. ‘మళ్లింపు’, ‘రద్దు’ అని వేరే గుర్తు పెట్టి ఉంచండి.

మధ్యాహ్నపు ఆలస్యాలను మాత్రం మంచు ఖాతాలో నేరుగా రాయకండి. వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు పట్టుకుని, అదే విమానం అంతకుముందు ఎక్కడి నుంచి ఎంత ఆలస్యంగా వచ్చిందో చూడండి.

సరిచేశాక జనవరి ఉదయాల పట్టిక మళ్లీ పెట్టండి, చూస్తాను.