బవేరియా ల్యాబ్‌లో బాగుంది, మరి మార్కెట్‌కి ఎలా తేవాలి?

మీ ప్రశ్న: తెల్లదోమ మీద మీ బవేరియా బాసియానా (పురుగులకు జబ్బు చేసి చంపే బూజు) స్ట్రెయిన్, అంటే మీ దగ్గరున్న దాని రకం, ల్యాబ్‌లో బాగా పనిచేస్తోంది, అమ్మకపు సరుకుగా మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని.

గడువు తేదీ నాడు ప్యాకెట్లో ఎన్ని బీజాలు (బూజు మొలకెత్తే సూక్ష్మమైన కణాలు, స్పోర్లు) బతికుంటాయి? ఈ లెక్క తేలేదాకా పేరు, లేబుల్, డీలర్ల జోలికి వెళ్లకండి. ఈ రంగంలో చాలా సరుకు పొలం చేరకముందే గోదాములో చచ్చిపోతుంది.

కల్చర్‌ను (ల్యాబ్‌లో పెంచే బూజును) ప్లేటు నుంచి ప్లేటుకు మారుస్తూ పోతే బీజాలు కట్టడం తగ్గుతుంది, పురుగును చంపే శక్తీ సన్నగిల్లుతుంది. చచ్చిన పురుగు మీంచి తీసిన తాజా కల్చర్‌ను గ్లిజరాల్‌లో కలిపి చిన్న వయల్స్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచండి. ప్రతి బ్యాచ్‌నూ కొత్త వయల్‌తోనే మొదలుపెట్టండి.

ఉత్పత్తికి బియ్యం చాలు. నానబెట్టాక తేమ 40 శాతం దగ్గర ఉండాలి. సంచుల్లో నింపి 121 డిగ్రీల దగ్గర 20 నుంచి 30 నిమిషాలు ఆటోక్లేవ్ చేశాక (ఒత్తిడి ఆవిరితో క్రిములు లేకుండా చేశాక) గింజ గింజ విడివిడిగా రావాలి. ముద్దయితే లోపలికి గాలి అందదు, బూజు పైపైనే కడుతుంది. చల్లారాక కల్చర్ కలిపి, 25 నుంచి 27 డిగ్రీల దగ్గర 10 నుంచి 14 రోజులు ఉంచి, మూడో నాలుగో రోజున సంచిని నలిపి గడ్డలు విడగొట్టండి. పచ్చని, నల్లని మచ్చ కనిపిస్తే సంచి విప్పకుండానే మళ్లీ ఆటోక్లేవ్ చేసి పారేయండి. కిలో బియ్యానికి సుమారు లక్ష కోట్ల బీజాలు వస్తాయి. హెక్టారు మోతాదు కొన్ని లక్షల కోట్లు. మీకు ఎంత పెద్ద ఉత్పత్తి గది కావాలో ఇక్కడే తెలిసిపోతుంది.

అసలు ఆట బీజాలను ఎండబెట్టడంలో ఉంది. 35 డిగ్రీలు దాటనివ్వకుండా, పొడి గాలిలో, తేమ 5 శాతం లోపుకి తేవాలి. తేమ మిగిలితే బీజం శ్వాసిస్తూ తన నిల్వలు తినేసి చస్తుంది. అందుకే ఫాయిల్ ప్యాకెట్, లోపల తేమ పీల్చే పొట్లం.

ఇక మొలక పరీక్ష. అగార్ (బూజు పెంచే జెల్లీ) మీద బీజాలను పల్చగా పరిచి, 25 డిగ్రీల దగ్గర 18 నుంచి 24 గంటలు ఉంచి, మైక్రోస్కోప్ కింద కనీసం 300 బీజాలు లెక్కపెట్టండి. మొలక గొట్టం బీజం వెడల్పుకన్నా పొడవుంటేనే మొలిచినట్టు. ఇక్కడ ఒక చిక్కుంది. బాగా ఎండిన బీజాలను నేరుగా చల్లటి నీళ్లలో వేస్తే పొరలు చితికి చాలా చచ్చిపోతాయి. కాబట్టి అదే పొడిని రెండు రకాలుగా చూడండి: నేరుగా నీళ్లలో వేసి ఒకసారి, తేమ నిండిన మూత డబ్బాలో రాత్రంతా ఉంచి ఒకసారి. రెంటికీ తేడా పెద్దగా ఉంటే, రైతు ట్యాంకులో దక్కేది తక్కువ అంకే. కలిపే విధానం గురించి లేబుల్ మీద రాసేది ఈ ఫలితం చూసే రాయాలి. ఫ్రిజ్‌లోనే కాకుండా 25, 35 డిగ్రీల దగ్గర కూడా ప్యాకెట్లు పెట్టి నెలనెలా ఇదే పరీక్ష చేయండి. దుకాణం అలమరలో ఏసీ ఉండదు.

బవేరియా బీజాలు నీటికి అంటవు. తడిపే మందు లేదా నూనె తప్పదు. మిడతల మీద మెటారైజియం (బవేరియా లాంటిదే మరో బూజు) కోసం 1989లో మొదలైన లుబిలోసా అనే పరిశోధన పథకం నూనె దారే పట్టింది. పొడి ప్రాంతాల్లో అది పనికొచ్చింది.

సూక్ష్మజీవి ఉత్పత్తిని చాలా దేశాలు పురుగుమందుగానే రిజిస్టర్ చేయిస్తాయి. స్ట్రెయిన్ గుర్తింపు, విష పరీక్షలు, తేనెటీగల మీద ప్రభావం, వేర్వేరు బ్యాచ్‌ల విశ్లేషణ, పొలం ఫలితాలు అడుగుతారు. స్ట్రెయిన్‌ను గుర్తింపున్న కల్చర్ సేకరణలో ముందే డిపాజిట్ చేయండి. వేరే దేశం నుంచి తెచ్చిందైతే నగోయా ఒప్పందం (ఒక దేశపు జీవ వనరులను వాడుకోవడంపై అంతర్జాతీయ ఒప్పందం) కింద అనుమతి ఉందో లేదో చూసుకోండి.

మొదటి కొనుగోలుదారుగా గ్రీన్‌హౌస్ రైతును ఎంచుకోండి. అక్కడ తేమ ఉంటుంది, మందుల అవశేషాల పట్టింపూ ఉంటుంది. పురుగు చావడానికి నాలుగు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుందని అమ్మేముందే చెప్పండి. లేకపోతే మూడో రోజే "పనిచేయలేదు" అంటారు. పిల్ల పురుగుల దశలో, ఆకు అడుగున తడిసేలా, సాయంత్రం చల్లాలి, ఎండ బీజాలను గంటల్లో చంపుతుంది. శిలీంధ్రనాశినితో కలపకూడదు. నమ్మకం కుదరకపోతే, చచ్చిన తెల్లదోమలున్న ఆకును తడి కాగితం మీద మూత డబ్బాలో మూడు నాలుగు రోజులు ఉంచితే పురుగు మీద తెల్లటి బూజు లేస్తుంది. రైతు కళ్లారా చూస్తాడు.

ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని ప్యాకెట్లు గడువు దాటేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. ఫిర్యాదు వచ్చినప్పుడు వెనక్కి వచ్చిన ప్యాకెట్‌నూ మీ దగ్గరున్నదాన్నీ పక్కపక్కన పరీక్షిస్తే, తప్పు మీ తయారీలో జరిగిందో, దారిలో ఎండకు పాడయిందో తెలుస్తుంది.