మా నమ్మకం మతమే అంటే హాలుకు పన్ను తప్పుతుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, సీతమ్మధార. అమ్మ క్యాన్సర్‌తో పోయాక నన్ను నిలబెట్టింది ట్రాన్స్‌హ్యూమనిజమే. సైన్సుతో ముసలితనాన్నీ చావునూ జయించవచ్చన్నది మా నమ్మకం. 2018లో సొసైటీ రిజిస్టర్ చేయించి హాలు కట్టుకున్నాం. ఆదివారాలు కూడి ధ్యానం చేస్తాం. చుట్టుపక్కలవాళ్లు పిచ్చోళ్లంటారు. జీవీఎంసీ నుంచి ఆస్తి పన్ను నోటీసు వచ్చి చాలా రోజులైంది. అమెరికాలో మోర్మన్లనే క్రైస్తవ శాఖవాళ్లు కొందరు 2006లోనే ట్రాన్స్‌హ్యూమనిస్టు సంఘం పెట్టుకున్నారు. మాదీ మతమేనని మినహాయింపు అడగవచ్చా? పాత మినిట్స్ బుక్కులో ఆ మేరకు ఒక తీర్మానం చేరుద్దామని మా కార్యదర్శి అంటున్నారు.

జవాబు: మీరు పంపిన బైలాలో మొదటి ఆశయం ‘మతాలకు అతీతంగా శాస్త్రీయ దృక్పథం పెంపొందించడం’. కింద మీ సంతకమే ఉంది. మీ కేసు అక్కడే తేలిపోతుంది.

మతమంటే దేవుడు ఉండి తీరాలని ఏమీ లేదు. బౌద్ధం, జైనం చూపించి 1954లోనే శిరూర్ మఠం తీర్పులో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. మీకు అడ్డొచ్చేది, శ్రీ అరవిందుల బోధ మతమా కాదా అన్నదానిపై అదే కోర్టు 1982లో ఇచ్చిన ఎస్.పి. మిట్టల్ తీర్పు. మనిషి దగ్గరే పరిణామం ఆగిపోదని, ఇంకా పై మెట్టు ఉందని అరవిందులు బోధించారు. మీ నమ్మకానికి చాలా దగ్గర. అయినా అది తత్వశాస్త్రమే, మతం కాదని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. అరవిందో సొసైటీ సొంత నియమావళినీ, పరిశోధన సంస్థనని చెప్పి అది ఆదాయపు పన్ను మినహాయింపు అడగడాన్నీ చూశారు. ఆ ధర్మాసనంలోనే ఉన్న మన జస్టిస్ చిన్నపరెడ్డిగారు ఈ విషయంలో విభేదించారు. నాకు ఆయన మాటే సబబనిపిస్తుంది, కానీ అధికారి ముందు చెల్లేది మెజారిటీ తీర్పే.

మోర్మన్ల ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతుంది. వాళ్లు తమ మతంలో ఉంటూనే ఈ భావాన్ని నమ్ముతున్నారు. అంటే ఇది విడిగా ఒక మతం కాదనే కదా!

పోనీ మతమే అనుకుందాం. మినహాయింపు నమ్మకానికి కాదు, ఆరాధనకే వాడే కట్టడానికి. సోమవారం నుంచి శనివారం దాకా హాలును కోచింగ్ సెంటర్‌కు అద్దెకిచ్చారు, ఆ అద్దె సొసైటీ ఖాతాలోనే పడుతోంది. పైగా మీకు 80జీ, అంటే విరాళమిచ్చేవారికి ఆదాయపు పన్ను రాయితీ దక్కే గుర్తింపు ఉంది. మతపరమైన ఖర్చు ఆదాయంలో 5 శాతం దాటకూడదన్న షరతు దానికుంది. మాది మతమని మీరే రాసిస్తే ఆ కాగితం రేపు ఆదాయపు పన్ను అధికారి చేతికి వెళుతుంది.

తీర్మానం సంగతి. ఆ పుస్తకం ముట్టుకోవద్దు. పాత తేదీ వేసి రాయడం భారతీయ న్యాయ సంహిత 336 సెక్షన్ కింద ఫోర్జరీ. పన్ను బాకీ వడ్డీతో తీరుతుంది, ఇది క్రిమినల్ కేసుతో గానీ తీరదు. రాసినవారితో పాటు అధ్యక్షులుగా మీరూ ఇరుక్కుంటారు.

‘చాలా రోజులైంది’ అంటే ఎన్ని రోజులు? నోటీసు అందిన తేదీ కూడా రాసుకోకపోతే ఎలా? అభ్యంతరం చెప్పే గడువు లెక్క మొదలయ్యేది ఆ రోజు నుంచే. ఆలస్యమైతే కారణం ఆధారాలతో చూపాలి. అమ్మగారి మరణం 2018కి ముందుది, దాన్ని ఇప్పుడు కారణంగా చెప్పలేరు.

రేపే నోటీసు ఇచ్చిన జీవీఎంసీ ఆఫీసులో రాతపూర్వకంగా జవాబివ్వండి. కొలతల కాపీ అడగండి. మీరు ఫొటోలో చూపించిన ఉచిత పఠన గది అందరికీ తెరిచి ఉంటే, ఆ భాగాన్ని విడిగా కొలిచి మినహాయింపు పరిశీలించమని కోరండి. హాజరు రిజిస్టరు, కరెంటు బిల్లులు జతచేయండి. అద్దెకిచ్చిన భాగానికి పన్ను కట్టేసి, మిగతాదానిపైనే అభ్యంతరం రాయండి. మీ కాపీపై తేదీతో స్టాంపు వేయించుకోండి. నోటీసు వచ్చిన కవరు దొరికితే దాన్నీ ఫైల్లో పెట్టండి.