పెద్ద సినిమాకి ఆగండి, చిన్న సినిమాకి పరిగెత్తండి

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో వారెన్స్‌బర్గ్ నుంచి నలుగురు కుర్రాళ్లు మా ఇంటికి భోజనానికొచ్చారు. యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరిలో మాస్టర్స్, ఆగస్టులో దిగిన బ్యాచ్. సోషల్ సెక్యూరిటీ నంబరు గురించో, అపార్టుమెంటు లీజు గురించో అడుగుతారనుకుని నేను సిద్ధంగా కూర్చున్నాను. పప్పు వడ్డించీ వడ్డించకముందే మొదటి సందేహం వచ్చి పడింది. "అన్నా, సంక్రాంతి సినిమాలకి ప్రీమియర్ బుకింగ్స్ ఎప్పుడు ఓపెనవుతాయి?"

నవ్వొచ్చింది గానీ ప్రశ్న చిన్నదేం కాదు. ఊరుగాని ఊళ్లో మనవాళ్ల మధ్య రెండున్నర గంటలు కూర్చుని మన మాట వినడం ఎంత అవసరమో 2007లో ఇక్కడికొచ్చిన నాకు తెలుసు. అప్పట్లో ఎవరో ఒకాయన వారాంతానికి ఒక స్క్రీన్ అద్దెకు తీసుకుని, రీళ్ల డబ్బాలు కొరియర్‌లో తెప్పించి ఒకటో రెండో ఆటలు వేసేవాడు. డబ్బా రాకపోతే ఆట లేదు, అంతే. 2011లో 'దూకుడు' అమెరికాలో పది లక్షల డాలర్లు దాటితే మేం పండగ చేసుకున్నాం. ఆరేళ్లు తిరిగేసరికి 'బాహుబలి 2' రెండు కోట్ల డాలర్లు దాటేసింది. ఇప్పుడు కాన్సస్‌లో మా ఓవర్‌లాండ్ పార్క్ చుట్టుపక్కల పెద్ద సినిమా వచ్చిందంటే ఒకే థియేటర్లో మూడు స్క్రీన్లు మనవే. అందుకే కొత్తగా వచ్చినవాళ్లకి ఏ సినిమా ఎప్పుడు, ఎంతకి చూడాలన్నది నిజంగానే ఒక లెక్క అయింది. ఆ లెక్కలో అందరూ చేసే పొరపాటే వీళ్లూ చేస్తున్నారు. పెద్ద హీరో సినిమాకి మొదటి ఆటకే ఎగబడి జేబు ఖాళీ చేసుకుంటారు. చిన్న సినిమాని "తర్వాత చూద్దాంలే" అంటారు. ఇక్కడ ఆ వరస తిరగేయాలి.

ఎందుకో చెప్తాను. శుక్ర, శని, ఆదివారాల కలెక్షన్లు చూసుకుని థియేటర్ల వాళ్లు సోమవారానికల్లా వచ్చే శుక్రవారం ఏ సినిమాకి ఎన్ని షోలో తేల్చేస్తారు. మంగళ, బుధవారాల్లో ఆ షోలు యాప్‌లో కనిపిస్తాయి. పెద్ద సినిమాకి టాక్ అటూ ఇటూ అయినా రెండో వారం షోలుంటాయి, పైగా రేటు దిగుతుంది. చిన్న సినిమాకి మొదటి వారాంతమే ఆయుష్షు. వారం తిరిగి గురువారం రాత్రి ఆటతో సరి. 2024 సెప్టెంబరులో '35 చిన్న కథ కాదు' వచ్చినప్పుడు మా ఆవిడ చూద్దామంటే, వచ్చే వారం చూద్దామన్నాను. వచ్చే వారానికి మా వైపు మిగిలింది రాత్రి పది దాటాక ఒకే ఒక ఆట. తిరుపతిలో లెక్కల్లో తప్పే పిల్లాడూ, వాడికోసం తను చదువుకునే తల్లీ, ఇదీ కథ. నివేదా థామస్‌ని చివరికి ఇంట్లో టీవీలో చూశాం. బాగుంది. కానీ హాల్లో పక్కన పదిమంది తల్లులు ముక్కు చీదుతుండగా చూడాల్సిన సినిమా అది.

2025లో నాకు నచ్చినవన్నీ ఇంచుమించు ఈ కోవలోవే. మార్చి 14న వచ్చిన 'కోర్ట్' అన్నిటికంటే ముందు. రామ్ జగదీశ్ మొదటి సినిమా, నాని సమర్పణ, ప్రియదర్శి లాయరు. పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన పోక్సో చట్టాన్ని అడ్డం పెట్టుకుని ఒక పేదింటి కుర్రాణ్ణి ఎలా ఇరికించవచ్చో చెప్పిన కథ. అయినా నాకు గుర్తుండిపోయింది శివాజీ వేసిన మంగపతి. పరువు పేరుతో ఇంటిల్లిపాదినీ వణికించే ఆ మావయ్య మనందరి చుట్టాల్లోనూ ఒకడున్నాడు. హాల్లో ఆయన తెరమీదికి రాగానే మా వెనక వరసలో ఆడపిల్లలు "అబ్బా వచ్చాడ్రా" అని గొణుక్కోవడం ఇప్పటికీ చెవుల్లో ఉంది.

సెప్టెంబరు 5న 'లిటిల్ హార్ట్స్' వచ్చింది. సాయి మార్తాండ్ తీశాడు, మౌళి, శివానీ నాగరం చేశారు. ఎంసెట్ పోయి లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో పడ్డ కుర్రాడి గోల. ఆ కోచింగ్ సెంటర్ బెంచీల మీద కూర్చున్నవాళ్లెవరైనా పగలబడి నవ్వాల్సిందే. మా అబ్బాయి ఇక్కడే పుట్టినవాడు, సగం జోకులు అర్థం కాలేదు. పక్కన కూర్చుని ఎంసెట్ ర్యాంకంటే ఏమిటో వివరించేసరికి నా సినిమా సగం పోయింది. సమంత నిర్మించిన 'శుభం' కూడా నాకు ఇష్టం. భీమిలిలో కేబుల్ టీవీ రోజులు, రాత్రి తొమ్మిదయ్యేసరికి సీరియల్ కోసం ఆడవాళ్లకి పూనకం. కథ రెండో సగంలో కాస్త జారింది గానీ ఆ ఊహ ఒక్కటి చాలు.

నవంబరులో రాహుల్ రవీంద్రన్ 'ది గర్ల్‌ఫ్రెండ్'ని మాత్రం మీ వయసు కుర్రాళ్లు తప్పకుండా చూడాలి. రష్మికని అంత నెమ్మదిగా నటించగా నేనెప్పుడూ చూడలేదు. ప్రేమ పేరుతో ఎదుటి మనిషికి ఊపిరాడకుండా చేయడం ఎలా ఉంటుందో చూసి బయటికొచ్చాక ఇద్దరు ముగ్గురు మొగపిల్లలు పార్కింగ్‌లో చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. నాకదే రివ్యూ.

పెద్దవాటిలో శేఖర్ కమ్ముల 'కుబేర' ఒక్కటే మనసుకి పట్టింది. మూడు గంటల సినిమా. బిచ్చగాడిగా ధనుష్ ఎక్కడా హీరో అన్న గుర్తు రానివ్వలేదు, నాగార్జున కూడా వయసుకి తగ్గ పాత్రలో హాయిగా ఒదిగిపోయాడు. 'ఓజీ' ఓపెనింగ్ సంబరం సరే, ఆ అరుపుల్లో కథ ఏమిటని నన్నడగొద్దు. 'మిరాయ్'కి పిల్లల్ని తీసుకెళ్లాను, వాళ్లు సంతోషించారు, నేను పాప్‌కార్న్ తిన్నాను.

ఇప్పుడు అసలు సంక్రాంతి సంగతి. 2025 డిసెంబరు చివరికి ప్రకటించినదాన్ని బట్టి 2026 జనవరి 9న ప్రభాస్, మారుతి 'ది రాజా సాబ్', 12న చిరంజీవి, అనిల్ రావిపూడి 'మన శంకర వరప్రసాద్ గారు', 13న రవితేజ 'భర్త మహాశయులకు విజ్ఞప్తి', 14న నవీన్ పొలిశెట్టి 'అనగనగా ఒక రాజు', శర్వానంద్ 'నారీ నారీ నడుమ మురారి'. వారం తిరక్కుండా అయిదు సినిమాలు. ప్రీమియర్ అంటే ఒక్కోటి పాతిక నుంచి ముప్పై డాలర్లు. అయిదూ ప్రీమియర్లే చూస్తే నూటయాభై డాలర్ల దాకా పోతుంది. క్యాంపస్ ఉద్యోగంలో అది ఎన్ని గంటల కష్టమో మీరే లెక్కేసుకోండి. నా మాట వింటే మొదటి రెండిటికీ రెండో వారం వెళ్లండి. ఏఎంసీ థియేటర్లలో ఉచిత సభ్యత్వం తీసుకుంటే మంగళ, బుధవారాల్లో టికెట్ సగం ధరకొస్తుంది. పెద్ద తెలుగు సినిమాలకి మొదటి రోజుల్లో ఆ తగ్గింపు వర్తించకపోవచ్చు, డబ్బు కట్టేముందు యాప్‌లో ధర చూసుకోండి. నెలవారీ పాసులున్నవాళ్లు కూడా ప్రీమియర్‌కి అది పనిచేస్తుందో లేదో ముందే చూసుకోవాలి. శర్వానంద్, నవీన్ సినిమాలకి మాత్రం మొదటి శనివారమే వెళ్లిపోండి.

"అన్నా, ఫస్ట్ షో మజానే వేరు కదా" అన్నాడు నలుగురిలో చిన్నవాడు. కాదనను. 'ఆర్ఆర్ఆర్' ప్రీమియర్లో నేనూ గొంతు పోయేలా అరిచినవాణ్ణే. ఏడాదికి ఒక్క సినిమా ఎంచుకోండి, దానికి వెళ్లండి. కానీ రెండు మూడు సంగతులు గుర్తుంచుకుని వెళ్లండి.

మొదటిది ఫోను. హీరో ఎంట్రీ రాగానే చెయ్యి జేబులోకి పోతుంది. మన దగ్గర అది సరదా అనుకుంటారు గానీ అక్కడా నేరమే, ఇక్కడా నేరమే. థియేటర్లో సినిమాని రికార్డు చేయడం ఇక్కడ 2005 నుంచి ఫెడరల్ నేరం, మొదటిసారి దొరికినా మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. స్టేటస్‌లో పెట్టుకునే ఇరవై సెకన్ల బిట్టుకి ఎవరూ అంత దూరం పోరనుకుంటారేమో. ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా మీద ఉన్నవాడు పోలీసు రికార్డుతో ఆటలాడకూడదు. కాగితాలు చల్లడం కూడా అలాంటిదే. ఒకసారి మా దగ్గర ఆట అయ్యాక సీట్ల కింద కాగితాలు ఏరుతున్న పనమ్మాయి ముఖం చూసి, మా స్నేహితులు నలుగురం నిలబడి గంటసేపు ఊడ్చి వచ్చాం. ఆ తర్వాత కొన్ని వారాలు ఆ హాలువాళ్లు మన సినిమాలకి రాత్రి ఆటలు ఇవ్వలేదు.

రెండోది టికెట్. ఆఖరి నిమిషంలో ఆటలు ఎగిరిపోవడం మన సినిమాలకి మామూలే. ఇప్పుడు రీళ్ల డబ్బాలు లేవు, హార్డ్ డ్రైవులో సినిమా ముందే వస్తుంది. కానీ దాన్ని తెరిచే డిజిటల్ కీ సమయానికి రాకపోతే తెర నల్లగానే ఉంటుంది. "కంటెంట్ రాలేదు" అంటే చాలాసార్లు అర్థం అదే. అప్పుల తగాదా తేలక విడుదలే ఆగిపోవడం ఇంకోటి. 2025 డిసెంబరు మొదటి వారంలోనే ఒక పెద్ద సినిమా ప్రీమియర్లు అదే రోజు రద్దయ్యాయి, సినిమా వారం తర్వాత వచ్చింది. థియేటర్ సొంత యాప్‌లో కొన్నవాళ్లకి డబ్బు వెనక్కొచ్చింది. వాట్సాప్ గ్రూపులో ముక్కూమొహం తెలియనివాడికి జెల్‌లో (ఫోన్లోంచి నేరుగా బ్యాంకు ఖాతాకి డబ్బు పంపే పద్ధతి) పంపి కొన్నవాళ్లు ఇప్పటికీ వాడికి మెసేజీలు పెడుతున్నారు. జెల్‌లో పంపిన డబ్బు చేజారినట్టే.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది రోడ్డు. వారెన్స్‌బర్గ్ నుంచి మా దాకా సుమారు 60 మైళ్లు, హైవే 50 మీద. ఆట ఒంటిగంటకి వదిలితే ఇల్లు చేరేసరికి రెండున్నర. అక్టోబరు, నవంబరుల్లో జింకలు అడ్డొస్తాయి, జనవరిలో రోడ్డు మీద కనపడని మంచుపొర. నిన్నగాక మొన్న లైసెన్సు వచ్చినవాడు ఆ రాత్రి డ్రైవ్ చేయకూడదు. తప్పదంటే ఎవరింట్లోనైనా పడుకుని పొద్దున్నే వెళ్లండి, మా హాల్లో సోఫాలు రెండున్నాయి.

ఇక చిన్నాచితకా. ఇక్కడ చాలా థియేటర్లలో ఇంటర్వెల్ ఉండదు, తెరమీద ఆ అక్షరాలు మెరిసి ఆగకుండా సెకండాఫ్ మొదలైపోతుంది. కాబట్టి కుదిరినప్పుడే, అంటే పాటలో, లేచి వెళ్లిరండి. మన సినిమాలకి ఇక్కడి రేటింగ్ ఎక్కువగా ఉండదు, 'నాట్ రేటెడ్' అని ఉంటుంది. అంటే పిల్లలకి పనికొస్తుందని కాదు. సెన్సార్ సర్టిఫికెట్ ఏమిటో చూసుకోండి. నాని 'హిట్ 3'కి 'ఏ' ఇచ్చారు, అది తెలియక పిల్లల్ని తెచ్చిన ఒక తండ్రి పావుగంటకోసారి వాళ్ల కళ్లు మూస్తూ కూర్చున్నాడు. సినిమా ప్రమోషన్‌కి సాయం చేస్తే డబ్బిస్తామని ఎవరైనా అంటే వద్దనండి. అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని అవుతుంది, ఎఫ్-1కి అది ముప్పు.

ఓటీటీకి ఆగుదామంటారా, ఆగొచ్చు. నాలుగు వారాలకే చాలా సినిమాలు వచ్చేస్తున్నాయి. 'కోర్ట్' మార్చి 14న హాల్లో పడి ఏప్రిల్ 11కి నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. కాకపోతే ఇండియాలో ఒక యాప్‌లో వచ్చిన సినిమా ఇక్కడ ఇంకో దాంట్లో ఉంటుంది, ఒక్కోసారి ఎక్కడా ఉండదు.

సంక్రాంతి తర్వాత? 2025 డిసెంబరు నాటికి నాని 'ది ప్యారడైజ్' 2026 మార్చి 26 అన్నారు, రామ్ చరణ్ 'పెద్ది' మార్చి 27 అన్నారు. ఆ రెండూ చెప్పిన రోజుకే వస్తే నేను మీసం తీసేస్తాను. ఎన్టీఆర్, ప్రశాంత్ నీల్ సినిమాకి అప్పట్లో 2026 జూన్ 25 వేశారు, అదీ అంతే అనుకోండి. రాజమౌళి, మహేశ్ 'వారణాసి' 2027 మాట. 2025 నవంబరులో రామోజీ ఫిల్మ్ సిటీలో పేరు ప్రకటించారో లేదో, ఈ నలుగురిలో ఒకడు దానికి ఇప్పటినుంచే డబ్బు దాస్తున్నానన్నాడు. అప్పటికి వాడి చదువైపోయి ఓపీటీలో, అంటే చదువయ్యాక ఇచ్చే పని అనుమతి మీద ఉంటాడు, దాచుకోనివ్వండి. విడుదల తేదీ చూసి మాత్రం ఊరికి విమానం టికెట్లు మార్చుకోవద్దు. మా బావమరిది ఆ పని చేసి రెండుసార్లు మార్పు రుసుము కట్టాడు.

మేం జనవరి 17, శనివారం మధ్యాహ్నం ఆటకి 'అనగనగా ఒక రాజు'కి వెళ్తున్నాం. పదింటికల్లా ఇంటికొస్తే మా ఆవిడ చేసిన అరిసెలు తిని బయల్దేరొచ్చు. మావాడు రానన్నాడు కాబట్టి కారు వెనక మూడు సీట్లు ఖాళీ. మీరేమో నలుగురు. ఆ లెక్క మీరే తేల్చుకుని గురువారంలోగా చెప్పండి, టికెట్లు తీసేస్తాను.