క్యూ తోక దగ్గరే తేల్చుకో అమ్మలూ

విజయనగర్,
బెంగళూరు

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఫోన్‌లో మాట్లాడితే ఆఫీసు హడావుడిలో "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

శనివారం మైసూరు రోడ్డులో బిడది దగ్గరున్న వండర్‌లా రైడ్ల పార్కుకు వస్తామన్న స్నేహితులు ఒక్కొక్కరే తప్పుకున్నారన్నావు. పోయినసారి ఏదో పార్కులో గంటసేపు వరసలో నిలబడ్డాక గుండె దడదడలాడి, అరచేతులు చెమటలు పట్టి, మధ్యలోంచి బయటికి వచ్చేశానన్నావు. "ఆ క్యూల కోసం ఒక్కదాన్నే అంత దూరం పోవడం అవసరమా పెద్దమ్మా?" అని అడిగావు.

వెళ్ళు. కానీ శనివారం మాత్రం వద్దు. వచ్చే బుధవారం సెలవు పెట్టుకుని వెళ్ళు. నలుగురితో కలిసి వెళ్ళాలంటే నలుగురికీ కుదిరే రోజు శని, ఆదివారాలే. ఊరు మొత్తానికీ కుదిరేదీ ఆ రోజులే. ఇప్పుడు నీకు ఎవరి సెలవుతోనూ పని లేదు. ఒంటరిగా వెళ్ళడంలో ఉన్న పెద్ద లాభం ఇదే. దాన్ని శనివారం వెళ్ళి పోగొట్టుకోకు. పైగా మామూలు రోజుల్లో టికెట్ ధర కూడా వారాంతం కన్నా తక్కువే.

అయితే మామూలు రోజులన్నీ ఖాళీగా ఉంటాయనుకోకు. నవంబరు, డిసెంబరు వచ్చాయంటే కర్ణాటకలో స్కూలు టూర్లు మొదలవుతాయి. పొద్దున్నే బిడది దగ్గర వరసగా పసుపు బస్సులు ఆగుతాయి. ఒక్కో బస్సులోంచి యాభై మంది పిల్లలు దిగి అందరూ ఒకే రైడ్ దగ్గరికి పరిగెత్తుతారు. ఆ రెండు నెలలూ, దసరా సెలవులూ, ఏప్రిల్, మే నెలలూ వదిలేయ్. బడులు తెరిచాక జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. వాన ఎక్కువై ఉరుములు మెరుపులు వస్తే పెద్ద రైడ్లు కాసేపు ఆపుతారు, అంతే.

ఇక క్యూ సంగతి. నేను జాలహళ్ళిలో హెచ్ఎంటీ గడియారాల ఫ్యాక్టరీలో పనిచేశానని నీకు తెలుసు. గడియారాలు బిగించే విభాగంలో కొన్నేళ్ళు చేశాక టైం స్టడీ విభాగంలో వేశారు. ఒక పనికి ఎన్ని సెకన్లు పడుతోంది, ఎక్కడ ఆగుతోంది అని స్టాప్‌వాచ్ పట్టుకుని చూడటమే మా పని. ఆ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. మీ పెద్దనాన్న పోయాక నేను ఒక్కదాన్నే ఊళ్ళు తిరగడం మొదలుపెట్టినప్పుడు ఆ అలవాటే నన్ను కాపాడింది.

ఏ రైడ్ దగ్గరికి వెళ్ళినా వెంటనే వరసలో చేరకు. ముందు జనం దిగి బయటికి వచ్చే వైపు వెళ్ళి ఐదు నిమిషాలు నిలబడు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకో. ఒక బ్యాచ్ ఎక్కి, ఆపరేటర్ బెల్టులు లాగి చూసి, రైడ్ తిరిగి, జనం దిగి, గేటు తెరిచి మళ్ళీ తరువాతి బ్యాచ్‌ని లోపలికి వదిలేదాకా ఎంత పట్టిందో చూడు. ఐదు నిమిషాలు పట్టిందనుకో, గంటకు పన్నెండు ట్రిప్పులు. సీట్లు 24 ఉన్నా అన్నీ నిండవు, ఎప్పుడూ కొన్ని ఖాళీగానే వెళ్తాయి. 20 వేసుకో. తరువాత ఆ ఇనుప కమ్మీల మధ్య వంకరటింకర వరసలో ఒక్క వరుసని లెక్కపెట్టు. పదిహేను మంది ఉన్నారు, అలాంటి వరుసలు పది ఉన్నాయి అంటే 150 మంది. ట్రిప్పుకి 20 మంది చొప్పున ఎనిమిది ట్రిప్పులు, అంటే 40 నిమిషాలు.

ఇప్పుడు నిన్ను నువ్వు అడుగు. ఈ రైడ్ కోసం 40 నిమిషాలు ఇష్టంగా ఇస్తానా? ఇస్తానంటే చేరు. లేదంటే పక్కదానికి వెళ్ళు. నిర్ణయం ఎప్పుడూ వరస తోక దగ్గరే జరగాలి అమ్మలూ. మధ్యకి వెళ్ళాక మనసు సరిగ్గా లెక్క చెప్పదు. "ఇంతసేపు నిలబడ్డాను కదా" అని కాళ్ళు కదలనివ్వదు. నీకు పోయినసారి అదే జరిగి ఉంటుంది. ఎంతసేపో తెలియకుండా చేరావు. ఎంతసేపో తెలియని నిరీక్షణే మనిషిని ఎక్కువ నలిపేది.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మా ఫ్యాక్టరీలో ఒక ట్రైనింగ్ క్లాసులో డేవిడ్ మైస్టర్ అనే ఆయన 1985లో రాసిన వ్యాసం గురించి చెప్పారు. వరసలో నిలబడ్డ మనిషి మనసు ఎలా ఉంటుందన్నది ఆయన విషయం. చేతిలో పనేమీ లేనప్పుడు, కారణం చెప్పకుండా ఆపినప్పుడు, ఎంతసేపో తెలియనప్పుడు గడియారంలో ఉన్న సమయం కన్నా మనకి ఎక్కువ అనిపిస్తుందట. నలుగురితో కలిసి వేచి ఉండటం కన్నా ఒంటరిగా వేచి ఉండటం ఎక్కువసేపు అనిపిస్తుందని కూడా అందులో ఉంది. కాబట్టి నీకు దడ వచ్చిందంటే నువ్వు పిరికిదానివని కాదు. స్నేహితులు పక్కన ఉన్నా వాళ్ళు వాళ్ళ ఫోన్లలో ఉంటే నువ్వు ఒంటరివే కదా.

తిరుమలనే చూడు. వైకుంఠం కాంప్లెక్సులో కంపార్ట్‌మెంట్‌లో కూర్చోబెట్టి తలుపు వేస్తే అంతసేపూ ఎలా ఓర్చుకుంటాం? కూర్చోవడానికి చోటుంటుంది. పాలు, తినడానికి ఏదో ఒకటి వస్తాయి. పక్కన ఎవరో గోవిందనామాలు మొదలుపెడితే మనమూ గొంతు కలుపుతాం. పసిపిల్లతో వచ్చినామెకి మనం విసనకర్ర ఇస్తాం. చివర్లో స్వామి ఉన్నాడు. పార్కులో ఆ చివర ఉన్నది రెండు నిమిషాల రైడ్. అది తక్కువని అనను, నాకూ ఇష్టమే. కానీ రెండు నిమిషాల దానికి ఎంత ఇవ్వాలో మనం ముందే అనుకోవాలి. నేను నాకు పెట్టుకున్న హద్దు అరగంట. బాగా మనసుపడ్డ ఒకే ఒక్కదానికి ముప్పావుగంట. నీ హద్దు నువ్వు పెట్టుకో. ఇంటి దగ్గరే, ప్రశాంతంగా ఉన్నప్పుడే.

ఒకసారి ఒక పార్కులో నేను ఈ హద్దు దాటాను. ఏ ఊరో, ఏ పార్కో ఇప్పుడెందుకు. రేకుల షెడ్డు కింద గంటా ఇరవై నిమిషాలు నిలబడ్డాను. నా ముందు ఇద్దరే ఉన్నారు, అప్పుడు రైడ్ ఆగిపోయింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. వెనక జనం ముందుకి నెడుతున్నారు, నా చేతి కింద కమ్మీ వేడిగా, చెమటతో జారుతూ ఉంది. పక్కనున్న కాలేజీ పిల్ల ముఖం తెల్లబడిపోయింది. ఊపిరి అందడం లేదని నా చెయ్యి పట్టుకుంది. కమ్మీ కింద నుంచి ఇద్దరం వంగి బయటికి వచ్చాం. నీడలో కూర్చోబెట్టి, లోపలికి పీల్చినదానికన్నా నెమ్మదిగా బయటికి వదలమని చెప్పాను. నాలుగు పీల్చి ఆరు వదలమని వేళ్ళ మీద లెక్కపెట్టాను. పది నిమిషాల్లో తేరుకుంది. నువ్వూ ఇది గుర్తుపెట్టుకో. అప్పటికీ తగ్గకపోతే ఫస్ట్ ఎయిడ్ ఎక్కడో అడిగి వెళ్ళు, మొహమాటపడకు. వరసలో చేరేముందు మధ్యలోంచి బయటికి దారి ఎక్కడుందో ఒకసారి చూసుకో. దారి ఉందని తెలిస్తేనే సగం టెన్షన్ తగ్గుతుంది.

మధ్యలో వచ్చేస్తే సిగ్గుపడాల్సిందేమీ లేదు. పోయినసారి నీ స్నేహితులు ముఖం ముడుచుకున్నారన్నావు. ఈసారి ముడుచుకోవడానికి ఎవరూ ఉండరు. నీ కాళ్ళు నీవి, నీ టికెట్ నీది.

ఒంటరిగా ఉన్నవాళ్ళకి ఇంకో లాభం ఉంది. మీ అక్క దగ్గరికి సింగపూర్ వెళ్ళినప్పుడు సెంటోసాలో యూనివర్సల్ స్టూడియోస్‌కి నేనొక్కదాన్నే వెళ్ళాను. అక్కడ కొన్ని రైడ్లకి 'సింగిల్ రైడర్' అని వేరే వరసే ఉంది. జంటలూ కుటుంబాలూ కూర్చున్నాక మిగిలిన ఒక్కో సీటులో ఒంటరిగా వచ్చినవాళ్ళని కూర్చోబెడతారు. చాలాసార్లు మామూలు వరస కన్నా అది త్వరగా కదులుతుంది. మన దగ్గర వేరే వరస కనిపించకపోయినా, ఖాళీ సీటు ఉంటే ఆపరేటర్ "ఒబ్బరే ఇరోరు యారాదరూ ఇద్దీరా?" (ఒక్కరే ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?) అని కన్నడంలో కేకేయడం నేను చూశాను. ఆ మాట వినపడగానే చెయ్యి ఎత్తు. రెండుసార్లు నేను అలాగే పదిమందిని దాటి వెళ్ళాను, ఎవరూ ఏమీ అనలేదు. ఫోన్‌లో పాటలు వింటావు కదా, గేటు దగ్గరికి వచ్చేసరికి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసెయ్.

ఎక్కువ డబ్బు కట్టి చిన్న వరసలో వెళ్ళే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ గురించి అడిగావు. బుధవారం నీకు అది అవసరం లేదు. ఎప్పుడైనా తప్పక వారాంతంలోనే వెళ్ళాల్సి వస్తే, డబ్బు ఇబ్బంది లేకపోతే కొనుక్కో.

రోజును ఎలా వాడుకోవాలో చెబుతాను. గేటు తెరిచేసరికి అక్కడ ఉండు. అందరూ ముందు కనపడిన రైడ్‌లో దూరతారు, నువ్వు లోపలి చివరికి నడిచి అక్కడి నుంచి వెనక్కి రా. పేరున్న రోలర్ కోస్టర్ ఏదైతే నీకు ఎక్కువ ఇష్టమో దాన్ని మొదటి గంటలోనే ముగించు. నీళ్ళ రైడ్లు తెరిచేది మధ్యాహ్నానికి. అప్పుడు జనం ఒక్కసారిగా వేవ్ పూల్ వైపు తరలిపోతారు. పొడి రైడ్ల దగ్గర వరసలు కరిగిపోయేది అప్పుడే, మళ్ళీ భోజనాల వేళా అంతే. నువ్వు మాత్రం భోజనాల రద్దీకి ముందే తినేసెయ్, తేలిగ్గా. కడుపు నిండా బిర్యానీ తిని తలకిందులయ్యే రైడ్ ఎక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తడి బట్టలతో పొడి రైడ్లు ఎక్కనివ్వరు కాబట్టి అటూ ఇటూ మారుస్తూ తిరిగితే బట్టలు మార్చుకునే గదుల దగ్గర ఇంకో క్యూ. పొడివన్నీ అయ్యాక చివర్లో నీళ్ళలోకి దిగు. ఈసారి నీళ్ళు వదిలేసినా నష్టం లేదు.

బాత్రూం సంగతి చిన్నదే కానీ ఒంటరిగా వెళ్ళినవాళ్ళకి పెద్దది. వరసలో మన చోటు చూసేవాళ్ళు ఉండరు. ప్రతి పెద్ద వరసకీ ముందు వెళ్ళిరా. అంతేకానీ నీళ్ళు తాగడం మానకు, ఎండలో కళ్ళు తిరుగుతాయి. ఫోన్, పర్సు లాకర్లో పెట్టాల్సి వస్తే తాళం చేతికి తగిలించుకునేలా చూసుకో. ఫోన్ లేకుండా నిలబడే ఆ వరసల్లోనే నీకు ముందున్నవాళ్ళతో నాలుగు మాటలు కలపాలనిపిస్తుంది. కలుపు. వాళ్ళలో పిల్లలతో వచ్చిన కుటుంబం ఉంటే వాళ్ళ వెనకే నిలబడు.

"మావాళ్ళు ముందున్నారు" అంటూ దూరేవాళ్ళు వస్తారు. ఒకరో ఇద్దరో అయితే పోనీ. గుంపుగా వస్తే ఒక్కసారి గట్టిగా "వెనక నుంచి రండి" అను. నువ్వు అంటే నీ వెనకవాళ్ళూ అంటారు. వినకపోతే గేటు దగ్గరున్న సిబ్బందికి చెప్పు, వాదనకి మాత్రం దిగకు. ఎవడైనా తోపులాటలో ఒంటి మీద చెయ్యి వేస్తే మాత్రం ఊరుకోవద్దు. గట్టిగా అరిచి, సెక్యూరిటీని పిలిచి, అవసరమైతే 112కి ఫోన్ చెయ్యి. ఆ సమయంలో రైడ్ పోతుందని చూడకు.

నేను మరీ ముఖ్యంగా అడగాలనుకున్నది ఇంకొకటి ఉంది. నీకు నిజంగా ఆ రైడ్లు ఎక్కాలని ఉందా, లేక ఆఫీసులో "నేనొక్కదాన్నే వెళ్ళొచ్చాను" అని చెప్పాలని ఉందా? మొదటిదైతే కొంత నిలబడినా కష్టం అనిపించదు. పైనుంచి కిందికి జారేటప్పుడు నీ గొంతులోంచి వచ్చే కేక ఆ అరగంటనీ తుడిచేస్తుంది. రెండోదైతే ఎంత చిన్న వరసైనా మోయలేనంత బరువుగా ఉంటుంది. పోయినసారి మెడ నొప్పి అన్నావు కాబట్టి అది ఇంకా ఉంటే పెద్ద కోస్టర్లు ఈసారికి ఆపెయ్. రైడ్ ముందు బోర్డు మీద రాసే ఆరోగ్య హెచ్చరికలు అందరికీ వర్తిస్తాయి.

లోపలికి వెళ్ళాక రెండు వరసలు చూసి మనసు ఒప్పకపోతే బయటికి వచ్చెయ్. టికెట్ డబ్బు ఎలాగూ ఇచ్చేశాం, దాని వెనక రోజంతా కూడా ఎందుకు ఇవ్వాలి? అదే మైసూరు రోడ్డులో ముందుకి వెళ్తే రామనగర దగ్గర జానపద లోక ఉంది. పల్లెల్లో వాడిన పాత సామాన్లు, తోలుబొమ్మలు, చెట్ల నీడ. నేను ఒక మధ్యాహ్నమంతా అక్కడ గడిపాను. ఏ వరసా లేదు. ఏదీ కుదరకపోతే బిడదిలో తట్టె ఇడ్లీ, పైన వెన్నముద్దతో, తిని తిరిగి వచ్చెయ్.

మంగళవారం ఆఫీసు అవగానే మా ఇంటికి వచ్చి పడుకో. కుందలహళ్ళిలో పర్పుల్ లైన్ ఎక్కితే విజయనగర్‌లో దిగడమే, మారక్కర్లేదు. పొద్దున్న ఇక్కడి నుంచి అదే లైనులో చల్లఘట్ట దాకా వెళ్ళి, అక్కడి నుంచి బస్సో ఆటోనో చూసుకోవచ్చు. లోపలికి బయటి తిండి రానివ్వరు కాబట్టి పులిహోర పొద్దున్నే తినిపించి పంపుతాను. నీళ్ళలోకి దిగుతావేమో, నైలాన్ బట్టలు ఒక జత తెచ్చుకో. నూలు చుడీదార్‌తో అక్కడ దిగనివ్వరు. నీ ఫోన్ లాకర్లో పెట్టాల్సి వస్తే టైం చూసుకోవడానికి నా హెచ్ఎంటీ వాచీ ఇస్తాను. రైడ్ ఎక్కేముందు మాత్రం తీసి జిప్పు ఉన్న జేబులో పెట్టుకో.

మీ పెద్దమ్మ