ఆర్థోలో జూనియర్ అంటే కట్లు కట్టడమేనా?

హౌస్ సర్జన్సీ అయిపోవస్తోంది, నెల్లూరు, ఒంగోలు వైపే ఆర్థో (ఎముకల విభాగం)లో పీజీ చేద్దామనుకుంటున్నాను, కానీ మొదటి ఏడాదంతా కట్లు కట్టడం, డ్రెస్సింగులు మార్చడం తప్ప ఏమీ ఉండదని సీనియర్లు అంటున్నారు, నిజమేనా, చేరమంటారా అని అడిగారు. ఈ ప్రాంతంలోనే ఒక టీచింగ్ ఆసుపత్రిలో మూడేళ్లు ఆ పని చేసి వచ్చాను కాబట్టి చెబుతున్నాను. మీ సీనియర్లు చెప్పింది నిజమే. మొదటి ఏడాది దాదాపు అంతా కట్లే. కానీ "తప్ప ఏమీ ఉండదు" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. పేషెంటు చెయ్యి నిలబడుతుందా పోతుందా అన్నది చాలాసార్లు ఆ కట్టు దగ్గరే తేలిపోతుంది. ఆపరేషన్ థియేటర్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను కట్టు గురించే చెబుతాను.

నాకు ఆ పని నేర్పింది ప్లాస్టర్ రూంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్న టెక్నీషియన్ అన్న. మొదటి వారం నేను పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పిండి పట్టించిన గుడ్డ) రోల్ బకెట్లో ముంచి వెంటనే తీసేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "బుడగలు ఆగిపొయ్యేదాకా తియ్యబాకండి సార్" అన్నాడు. బుడగలు ఆగాయంటే నీళ్లు లోపలి పొర దాకా చేరాయని అర్థం. అప్పుడు రెండు కొసలూ పట్టుకుని మెల్లగా నొక్కాలి. బట్టలు పిండినట్టు మెలితిప్పితే పిండి అంతా బకెట్లోకి పోయి మన చేతిలో గుడ్డ మిగులుతుంది. నీళ్లు మామూలుగా ఉండాలి, వేడిగా ఉండకూడదు. వేడినీళ్లయితే రోల్ మన చేతుల్లోనే బిగుసుకుపోతుంది. పైగా పీఓపీ గట్టిపడేటప్పుడు తనంతట తానే వేడెక్కుతుంది, చర్మం కాలే ప్రమాదం ఉంది. చేతికైతే ఎనిమిది నుంచి పది పొరలు, కాలికైతే పన్నెండు నుంచి పదహారు. తడిగా ఉన్నంతసేపూ అరచేతులతోనే పట్టుకోవాలి. వేలి కొసలతో పట్టుకుంటే అక్కడ పడిన గుంట లోపల గట్టిపడి, కొన్నాళ్లకు దాని కింద పుండు పడుతుంది. మడమ దగ్గర, మోచేతి మొన దగ్గర దూది ఇంకో చుట్టు ఎక్కువ వెయ్యాలి. కొత్తగా విరిగిన చేతికి చుట్టూతా పూర్తి కట్టు వెయ్యకూడదు, ఒకవైపు మాత్రం పీఓపీ పలక (స్లాబ్) పెట్టి బ్యాండేజీ చుట్టాలి. ఎందుకంటే మొదటి రెండు మూడు రోజులు వాపు పెరుగుతుంది, కట్టు మాత్రం పెరగదు.

ఇవన్నీ నెలలోపే చేతికి వచ్చేస్తాయి. నాకు రానిది ఇంకొకటి ఉంది. దాన్ని ఒక పిల్లవాడి చెయ్యి మీద నేర్చుకున్నాను. అది నా తప్పు. ఇప్పటికీ తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది.

కలిగిరి వైపు నుంచి ఏడేళ్ల పిల్లవాణ్ణి తీసుకొచ్చారు. జామచెట్టు మీద నుంచి పడ్డాడు. మోచేతికి కాస్త పైన జబ్బ ఎముక విరిగింది. పిల్లల్లో మోచేతి దగ్గర ఎక్కువగా విరిగేది అక్కడే. విరిగిన ముక్క పొడుచుకొచ్చే చోటే చేతికి రక్తం తీసుకెళ్లే ధమని, మీడియన్ నరం ఉంటాయి. రాత్రి తొమ్మిదింటికి నాడి చూశాను, బాగానే ఉంది. మోచెయ్యి మడిచి స్లాబ్ వేశాను, తెల్లవారి థియేటర్ అని కేస్ షీట్లో రాసి క్యాజువాలిటీకి వెళ్లిపోయాను. అక్కడ హైవే మీద ఆటో బోల్తా కొట్టి ఏడుగురు వచ్చి ఉన్నారు.

పదకొండింటికి పిల్లవాడి నాన్న వచ్చాడు. "సార్, పిల్లోడు ఏడుస్తానే ఉండాడు" అన్నాడు. వెళ్లి మణికట్టు దగ్గర నాడి పట్టుకున్నాను. కొట్టుకుంటోంది. విరిగిన చెయ్యి కదా నొప్పి ఉంటుందిలే అని నొప్పికి ఇంజెక్షన్ రాశాను. పన్నెండున్నరకు మళ్లీ వచ్చాడు. ఈసారి ఏమీ అనలేదు, తలుపు దగ్గర నిలబడ్డాడు అంతే. నేనే "వస్తాను, పద" అన్నాను. వెళ్లలేదు. రెండింటికి వార్డు నుంచి సిస్టర్ ఫోన్ చేసి, "సార్, ఒక్కసారి వచ్చి వేళ్లు చూడండి, నాకేదో బాగా అనిపించడం లేదు" అన్నారు.

వేళ్లు ఉబ్బి నిగనిగలాడుతున్నాయి. చూపుడువేలు పట్టుకుని కొంచెం చాపాను. పిల్లవాడు అరిచిన అరుపుకి వార్డంతా లేచి కూర్చుంది. నాడి అప్పుడు కూడా కొట్టుకుంటూనే ఉంది.

కత్తెర తీసుకుని బ్యాండేజీ, పీఓపీ, దాని కింద దూది మొత్తం చర్మం కనిపించేదాకా కోసేశాను. మోచెయ్యి మడత సడలించాను. పది నిమిషాల్లో ఏడుపు మూలుగులోకి దిగింది, అరగంటలో నిద్రపోయాడు. మా యూనిట్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని నిద్ర లేపాను. ఆయన వచ్చి చూసి, తెల్లవారకముందే సి-ఆర్మ్ (ఆపరేషన్ జరుగుతుండగానే ఎముకని చూపించే ఎక్స్‌రే యంత్రం) కింద ఎముక సరిచేసి రెండు వైర్లు వేశారు. లోపలి ఒత్తిడి తగ్గించడానికి కండరాల పొర కోయాల్సిన అవసరం రాలేదు. నాలుగో వారం వైర్లు తీసినప్పుడు బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి చూపించమన్నాను. చుట్టాడు. ఆ సున్నా చుట్టగలిగాడంటే నరం పనిచేస్తోందని.

కాసేపు ఆలస్యమైతే ఏమయ్యేదో మీకు తెలుసు. కట్టు లోపల వాపు నొక్కేసి కండరానికి రక్తం అందకుండా ఆరు గంటలు దాటేసరికి కోలుకోలేని నష్టం మొదలవుతుంది. వేళ్లు శాశ్వతంగా ముడుచుకుపోతాయి. ఫోక్‌మన్ అనే జర్మన్ సర్జన్ 1881లోనే దీని గురించి రాశాడు, మనం పరీక్షలో ఆయన పేరు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. నాడి ఉన్నంత మాత్రాన కండరం బతికున్నట్టు కాదని నేను కూడా రాశాను. అర్ధరాత్రి ఆ తండ్రి తలుపు దగ్గర నిలబడ్డప్పుడు అది గుర్తుకు రాలేదు.

ఆ రాత్రి తర్వాత నేను మార్చుకున్నవి కొన్నే. కట్టు వేసిన టైము కట్టు మీదే స్కెచ్ పెన్నుతో రాస్తాను. గంట తిరిగేలోపు మళ్లీ వెళ్లి వేళ్లు చాపి చూస్తాను, ఎంత రద్దీ ఉన్నా. ఇంజెక్షన్ ఇచ్చినా తగ్గని నొప్పి అంటే కట్టు విప్పి చూడాల్సిందే, పొద్దున సీనియర్ తిట్టినా సరే. కట్టు మళ్లీ కట్టుకోవచ్చు. ఇంటికి పంపించేవాళ్లకైతే వాళ్ల మాటల్లోనే చెబుతాను: చెయ్యి గుండె కంటే ఎత్తులో దిండు మీద పెట్టుకోండి, వేళ్లు ఆడిస్తూ ఉండండి, వేళ్లు ఉబ్బినా, తిమ్మిరెక్కినా, రంగు మారినా, నొప్పి పెరిగినా అర్ధరాత్రయినా వచ్చేయండి. తోడు వచ్చినవాళ్ల చేత తిరిగి చెప్పించుకుంటాను. తలూపారంటే అర్థమైందని కాదు.

మన దగ్గర కట్టు అనగానే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది కాబట్టి అదీ చెప్పాలి. ఆ పేరు చెప్పుకుని ఊళ్లలో కట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. వెదురు దబ్బలు, కోడిగుడ్డు సొన, ఆకు పసరు, పైన గుడ్డ. అది కట్టించుకుని మూడు వారాల తర్వాత మన దగ్గరికి వచ్చేవాళ్లని మీరు వారానికి ఇద్దరినైనా చూస్తారు. మొదట్లో నేనూ అరిచేవాణ్ణి. ఒకసారి ఒకాయన తలవంచుకుని, "ఆస్పత్రికి వస్తే కోస్తారని భయపడ్డాం సార్, పైగా కూలి పోతుంది" అన్నాడు. అందులో అబద్ధం ఏముంది? పక్కకి జరగని సాదా విరుపులు ఏ కట్టు కట్టినా అతుక్కుంటాయి, ఊళ్లో నమ్మకం అక్కడి నుంచే వచ్చింది. పిల్లల మోచెయ్యి, కీలు దగ్గరి విరుపులు, చర్మం చీలి ఎముక బయటపడ్డవి, ఇవి మాత్రం అలా కడితే చెయ్యే పోతుంది. తిట్టి పంపిస్తే ఆ మనిషి ఇంకోసారి మన గడప తొక్కడు. వాళ్ల ఊళ్లో ఇంకో పదిమందిని కూడా రానివ్వడు.

ఈ రెండు జిల్లాల్లో కేసులకి లోటుండదు. ఎన్.హెచ్.16 మీద రాత్రిపూట బైకులు, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో బండ కింద నలిగిన కాళ్లు, తాటిచెట్టు మీద నుంచి పడి విరిగిన వెన్నుపూసలు, పొగాకు ఆరబెట్టే బేరన్ల మీద నుంచి జారినవాళ్లు. చర్మం చీలి వచ్చిన విరుపుకి యాంటీబయాటిక్ ఎంత తొందరగా పడితే అంత మంచిది, ఎక్స్‌రే కోసం ఆగకండి. ఇవి మీకు అక్కడే తెలుస్తాయి.

పుస్తకంలో ఒక పేరాతో సరిపెట్టేది, ఇక్కడ మాత్రం కళ్లారా చూసేది ఇంకొకటి ఉంది. కనిగిరి వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది, గడప దగ్గర జారి తుంటి విరిగింది. ఎక్స్‌రే లైటు మీద పెడితే ఎముకలు సుద్దముక్కల్లా తెల్లగా మెరిశాయి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పొర కూడా ఎముకగా మారిపోయి ఉంది. నడుము వంగదు, మెడ తిరగదు. ఫ్లోరోసిస్, తాగేనీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు. మన దేశంలో ఈ జబ్బు గురించి మొట్టమొదట రాసిన 1937 నాటి వ్యాసం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనివే, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా (తర్వాత ప్రకాశం) ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆమె పుట్టినప్పటి నుంచి తాగింది ఊరి బావి నీళ్లు, తర్వాత బోరు నీళ్లు.

ముసలివాళ్లకి తుంటి విరిగితే రెండు రోజుల్లోపు ఆపరేషన్ చెయ్యాలని చదువుకున్నాం. అవ్వకి బీపీ తగ్గి, ఫిట్‌నెస్ వచ్చి, రక్తం దొరికి, ఎన్టీఆర్ వైద్య సేవలో అనుమతి వచ్చేసరికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ ఆమె బతికి థియేటర్ దాకా రావడం జూనియర్ చేతిలోనే ఉంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పించడం, మడమ పరుపుకి ఆనకుండా పిక్క కింద దిండు పెట్టడం, ఊపిరి గట్టిగా తీయించడం. రోజూ పొద్దున నేను మడమ చూస్తుంటే, "నాయనా, మళ్లీ నా పనులు నేను చేసుకుంటానా? కోడలికి భారం కాకూడదు" అనేది. థియేటర్లో వెన్నుపూసల మధ్య లిగమెంట్లు గట్టిపడిపోయి మత్తు సూది దిగడానికి అనస్తీషియా మేడం చాలాసేపు కష్టపడ్డారు. డ్రిల్ పెడితే ఎముక రాయిలా ఉంది, అయినా పెళుసు, కాస్త బలం ఎక్కువైతే చిట్లిపోతుంది. నేను సెలైన్ పోస్తూ నిలబడ్డాను. మూడో రోజు వాకర్ పట్టుకుని మంచం చుట్టూ నాలుగడుగులు వేసింది. వెళ్లేరోజు నా చెయ్యి పట్టుకుని తన మడమ చూపించింది, ఒక్క పుండు లేదు.

డ్యూటీల గురించి దాచను. ముప్పై ఆరు గంటలు ఏకబిగిన చేసిన రోజులున్నాయి, అది తప్పు. పీజీలకి వారానికో సెలవు, ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవు, తగినంత విశ్రాంతి అని జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనల్లో రాసి ఉంది. మేమున్న చోట అడిగినవాణ్ణి సోమరి అన్నారు. ఆ రాత్రి నేను "వస్తాను, పద" అని వెళ్లకపోవడంలో అలసట కూడా ఉంది. అది నా తప్పుని తగ్గించదు, కానీ నిద్రలేని డాక్టరు చేతిలో పిల్లల్ని పెట్టడం ఎవరికీ మంచిది కాదు. మీరు అడగండి, మీ బ్యాచంతా కలిసి అడగండి.

చేరమంటాను. మీ హౌస్ సర్జన్సీలో ఇంకా వారాలు మిగిలి ఉంటే ఓపీ అయ్యాక రోజూ ఒక గంట ప్లాస్టర్ రూంలో నిలబడండి, అక్కడి అన్నని అడిగి రెండు స్లాబులు మీ చేత్తో వెయ్యండి. చేరే రోజు సొంతంగా ఒక ప్లాస్టర్ కత్తెర కొనుక్కుని జేబులో పెట్టుకుని వెళ్లండి. రాత్రి రెండింటికి వార్డులో వెతుక్కుంటే దొరకదు.