ఆదివారం ఫోన్‌లో ఆరు కచేరీలు

ప్రశ్న: నా వయసు 38. పదహారేళ్ళుగా హార్ప్ (మనిషంత ఎత్తుండే తీగల వాయిద్యం) వాయించడమే నా వృత్తి. ఆర్కెస్ట్రాలో పర్మనెంట్ కాదు, వాళ్ళకి రెండో హార్ప్ అవసరమైనప్పుడు పిలుస్తారు. మిగతా రోజుల్లో పెళ్ళిళ్ళు, విందులు, కొందరు పిల్లలకి పాఠాలు. నెలకి రెండుసార్లు ఆసుపత్రిలో చివరి దశలో ఉన్నవాళ్ళ వార్డులో వాయిస్తాను. వాయిస్తున్నంతసేపూ నా అంత అదృష్టవంతురాలు లేదనిపిస్తుంది. ఇంటికొచ్చాక ఏదో నీరసం, ఏడుపు. వయొలిన్ వాళ్ళు గుంపుగా ఉంటారు, నేను ఒక్కదాన్నే. వంద బార్లు (మన తాళంలో ఆవర్తాల్లాంటివి) ఖాళీగా లెక్కపెట్టి నాలుగు బార్లు వాయిస్తాను. ఆ నాలుగూ తప్పితే హాలంతా తెలిసిపోతుందని ఒకటే టెన్షన్. ఈ హార్ప్ కొన్నది మా నాన్నగారు, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో. ప్రతి ఆదివారం ఫోన్ చేసి ‘ఈ నెల ఎన్ని కచేరీలు?’ అని అడుగుతారు. రెండుంటే ఆరని చెబుతాను. నాలుగేళ్ళ క్రితం ఆర్కెస్ట్రా ఉద్యోగానికి ఆడిషన్‌లో చివరి రౌండ్ దాకా వెళ్ళి ఓడిపోయాను. అమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నాన్న బాధపడతారని వాయిదా పడిందని చెప్పాను. మొన్న ఫోన్ పెట్టేశాక మా ఎనిమిదేళ్ళ పాప ‘అమ్మా, నిన్న కచేరీ లేదుగా?’ అంది. హార్ప్ అమ్మేసి జీతమొచ్చే ఉద్యోగం చూసుకోమంటారా? ఈ ఒంటరితనం ఎలా తట్టుకోవాలి?
– ఒక సోదరి

జవాబు: మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించి వేశాం. అసలు ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీల పైన హార్ప్ గురించే. నాన్నగారి సంగతి ఏడు లైన్లలో ముగించారు. నేను మళ్ళీ మళ్ళీ చదివింది ఆ ఏడు లైన్లే.

ముందు అమ్మకం సంగతి తేల్చేద్దాం, అది చిన్న విషయం. హార్ప్ వయొలిన్ లాంటిది కాదని నాకంటే మీకే బాగా తెలుసు. పాతబడితే ధర పెరగదు. 47 తీగలూ కలిసి దాదాపు టన్ను బలంతో లాగుతుంటే ముందు చెక్క ఏళ్ళు గడిచేకొద్దీ పొట్టలా ఉబ్బుతుంది. పదహారేళ్ళ వాయిద్యానికి నాన్నగారు పెట్టిన డబ్బు తిరిగి రాదు. అమ్మేసి ఆయన బాకీ తీర్చేద్దామని మనసులో ఏ మూలైనా ఉంటే, ఆ లెక్క కుదరదు. ఉద్యోగం చేయాలనుంటే చేయండి, ఇంట్లో ఓ మూల హార్ప్ ఉన్నంత మాత్రాన ‘ఉద్యోగం ఇవ్వం’ అని ఎవరూ అనరు. దీనికి నా జవాబు ఇంతే.

మీవారు 40 కిలోల వాయిద్యం కారులోకి ఎక్కించీ దింపీ నడుము పోతోందని సణుగుతున్నారని రాశారు. సణగనివ్వండి, ఎక్కిస్తున్నారుగా. మంచి ట్రాలీ కొనండి, ఫీజు చెప్పేటప్పుడు మోసేవాళ్ళ ఖర్చు కూడా కలిపి చెప్పండి. ఇక బంధువులు ఉత్తినే వాయించమంటున్నారన్నది. ఒకసారి కాదని చూడండి. రెండోసారి అడగరు, అడిగితే డబ్బులిచ్చే అడుగుతారు.

ఒంటరితనం దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఎందుకంటే ఆ పేజీ మీరు చాలా బాగా రాశారు. అందరికంటే గంటన్నర ముందు హాలుకి వెళ్తారు. ఒకపక్క కుర్చీలు ఈడుస్తుంటారు, మరోపక్క ఎవరో మైకులు సరిచేస్తుంటారు, ఆ గోలలో చెవి తీగకి ఆనించినంత పనిచేసి ఒక్కొక్కటీ శ్రుతి చేస్తారు. ఎర్రవి ‘సి’ స్వరం తీగలు, నల్లవి ‘ఎఫ్’ స్వరం తీగలు, ఆ రంగులే దారి చూపే గుర్తులు. అంతా అయ్యాక లైట్లు వేస్తారు, ఆ వేడికి శ్రుతి మళ్ళీ జారుతుంది. పేగుతో చేసిన తీగ ఒకటి ‘ఠాప్’మని తెగుతుంది. మీ పక్కన అదే వాయిద్యం పట్టుకున్న మనిషి ఉండరు, ‘నాకూ తెగిందే’ అనడానికి. కచేరీ అయ్యాక ఫ్లూట్ ఆవిడ పెట్టె సంచిలో పడేసుకుని నలుగురితో కబుర్లాడుతూ వెళ్ళిపోతుంది. మీరు కవరు తొడిగి, ట్రాలీ మీదికి వాల్చి, ర్యాంపు ఎక్కడుందో వెతుక్కుంటారు. దారిలో ఎవరో ఒకరు ‘ఫ్లూట్ నేర్చుకుని ఉంటే హాయిగా ఉండేది కదండీ’ అంటారు. ఆ జోకు వేసినాయనకి అది మొదటిసారి, మీకు ఐదువందలోసారి. అయినా నవ్వుతారు.

ఇదంతా ఈ వృత్తిలోనే ఉంది. మీరు దీన్ని మొదటి రోజు నుంచీ చూస్తున్నారు. పన్నెండేళ్ళు మోశారు కూడా, ఏడవలేదు. మరి ఈ నాలుగేళ్ళలోనే ఎందుకింత బరువైంది? వేళ్ళకి కాయలు కొత్తగా కాశాయా, వంద బార్లు ఇప్పుడు రెండొందలయ్యాయా? ఇవాళ తీగ తెగిందనీ, నాలుగో బార్‌లో స్వరం మార్చే పెడల్ జారిందనీ, అయినా నెట్టుకొచ్చాననీ చెప్పుకునే మనిషి ఒకరుండేవారు. నాలుగేళ్ళ క్రితం ఆ తలుపు మీరే వేసేశారు. ఇప్పుడాయనకి కచేరీ ఎలా జరిగిందో చెప్పలేరు, ఎందుకంటే అసలు జరగని కచేరీలు నాలుగున్నాయి. ఏది జరిగిందో ఏది జరగలేదో గుర్తుపెట్టుకోవాలి కాబట్టి అంకె ఒకటి చెప్పి, తిన్నారా, బీపీ మాత్ర వేసుకున్నారా అని మాట మార్చేస్తారు.

మీ ఉత్తరంలో ఒక చోట ‘పైన చేతులు మెల్లగా తేలుతుంటాయి, కింద గౌను చాటున ఏడు పెడళ్ళ మీద కాళ్ళు పరిగెడుతుంటాయి, ఎవరికీ కనబడదు’ అని రాశారు. స్టేజీ మీద అది విద్య. ఆదివారం ఫోన్‌లో కూడా అదే చేస్తున్నారు.

ఇక నాన్నగారు. ఆయన్ని మీరు కాస్త లోకువ చేసి రాశారు, నాకు నచ్చలేదు. ఆయనకి అంకెలే అర్థమవుతాయట, సంగీతం తెలియదట. ఆయనకి మీరిచ్చింది అంకెలేగా అమ్మా! లెక్క అడగడం తప్పంటారా? జీవితమంతా దాచుకున్నది తీసి ఇచ్చిన మనిషి అడుగుతాడు. తల్లిదండ్రులు ఇచ్చి ఊరుకోవాలి, మళ్ళీ ఎత్తకూడదు అనే వాదన ఈమధ్య తరచూ వింటున్నాను. నేను దానికి ఒప్పుకోను. ఆయనకి అడిగే హక్కుంది. ‘రెండే నాన్నా, ఈ నెల బాలేదు’ అని చెప్పే హక్కు మీకుంది. ఆ రెండు కచేరీలకీ మీరు సిగ్గుపడాల్సిన పని లేదు. సిగ్గుపడాల్సింది ఆ పైన కలిపిన నాలుగింటికి.

పైగా ఆయన బాధపడతారని దాచానంటున్నారు. భార్య పోయిన ఏడాది నిలదొక్కుకున్న మనిషి, కూతురికి ఒక ఉద్యోగం రాలేదంటే కూలిపోతారా? ఆయన కళ్ళలో మీరెక్కడ చిన్నబోతారోనని దాచారు. ఆ తేడా మీరు ఒప్పుకుంటే సగం పని అయినట్టే. ఇంకో మాట కూడా మీరే రాశారు: రెండు మూడు నెలలకోసారి ‘ఆ వాయిదా పడ్డది మళ్ళీ ఎప్పుడమ్మా’ అని అడుగుతుంటారని. అంటే ఆయన నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్నారు, లేని ఆడిషన్ కోసం. ఓడిపోయావని తెలిస్తే ఒక నెల బాధపడేవారేమో.

మీకు తెలిసిన సంగతే ఒకటి గుర్తుచేస్తాను. 1778లో పారిస్‌లో సంగీతకర్త మోజార్ట్ ఫ్లూట్‌కీ హార్ప్‌కీ కలిపి కన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) రాశాడు కదా. రాయించుకున్న డ్యూక్ ఫ్లూట్ వాయించేవాడు, ఆయన కూతురు హార్ప్. ఆ అమ్మాయి బ్రహ్మాండంగా వాయిస్తుందని మోజార్టే ఇంటికి ఉత్తరం రాశాడు. ఆ తండ్రికి అది చాలలేదు, కూతురు సొంతంగా రచన కూడా చేయాలని పాఠాలు పెట్టించాడు. అది ఆ పిల్ల వల్ల కాలేదు. (కన్సర్టోకి డబ్బు కూడా నెలల తరబడి ఇవ్వలేదు, అది వేరే గొడవ.) నాకు ఆ కథలో గుర్తుండిపోయింది డ్యూక్ కాదు. అదే ఏడాది జులై 3న మోజార్ట్ తల్లి పారిస్‌లోనే చనిపోయింది. ఆ రోజే తండ్రికి రాసిన ఉత్తరంలో అమ్మకి చాలా జబ్బుగా ఉందని మాత్రమే రాశాడు. నిజం కుటుంబ స్నేహితుడికి రాసి, నాన్నని మెల్లగా సిద్ధం చేయమని బతిమాలాడు. తొమ్మిదో తారీకున తనే అంతా రాసేశాడు. ఆయన దాచింది ఆరు రోజులు, అదీ తల్లి చావు. మీరు ఒక ఇంటర్వ్యూ లాంటిదాన్ని నాలుగేళ్ళు దాచారు.

‘పర్మనెంట్ కాలేదు కాబట్టి నేను అసలైన హార్పిస్ట్‌ని కాదేమో’ అన్నదానికి రెండే మాటలు. వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాలో ఆనా లెల్కెస్ రెండు దశాబ్దాలకి పైగా హార్ప్ వాయించింది, ఆడదన్న ఒక్క కారణంతో ఆమెని సభ్యురాలిగా తీసుకోలేదు. తీసుకున్నది 1997లో. అంతకుముందు ఆమె వాయించింది హార్ప్ కాదా? ఆర్కెస్ట్రాలో పర్మనెంట్ హార్ప్ కుర్చీ సాధారణంగా ఒకటే ఉంటుంది, అది ఒకరికే వస్తుంది. చివరి రౌండ్ దాకా వెళ్ళడం చిన్న విషయమా? అది కూడా మీరు ఆయనకి చెప్పుకోలేకపోయారు, అబద్ధం ఆడారు కాబట్టి.

ఇప్పుడు ఆసుపత్రి. మీ ఉత్తరం మొత్తంలో చేతిరాత మారింది అక్కడే, అక్షరాలు పెద్దవయ్యాయి. మాట పడిపోయిన పెద్దాయన చేతిని వాళ్ళబ్బాయి పట్టుకుని హార్ప్ చెక్క మీద పెట్టాడు. మీరు కింది తీగ ఒకటి మీటారు. ఆ మోత చెక్కలోంచి అరచేతిలోకి వెళ్ళినట్టుంది, ఆయన కళ్ళు తెరిచారు. మీరు ఆపకుండా అదే తీగ మీటుతూ కూర్చున్నారు, పాట కూడా కాదు. పదహారేళ్ళలో అంతకన్నా గొప్ప కచేరీ చేయలేదని రాసి, వెంటనే ‘నాన్నకి చెప్పలేదు, అది కచేరీ కిందికి రాదుగా, ఎంతమంది వచ్చారు అంటారు’ అని కలిపారు. ఎలా తెలుసు మీకు? ఆయన్ని ఒక్కసారైనా అననిచ్చారా?

నిజానికి మీ చేత పెన్ను పట్టించింది పాప. ఒంటరితనం ఎన్నాళ్ళ నుంచో ఉంది, ఉత్తరం రాసింది మాత్రం ఆ పిల్ల అడిగిన మర్నాడు. దానికి ఏం చెప్పారో రాయలేదు. ఏమీ చెప్పలేదనుకుంటాను. రేపు అది పరీక్షలో తక్కువ మార్కులొచ్చి వాయిదా పడిందని చెబితే ఏమంటారు?

చేయాల్సింది చెబుతాను. ఫోన్‌లో వద్దు. హార్ప్ బండిలో ఎక్కించుకుని నాన్నగారింటికి వెళ్ళండి. మీవారు సణుగుతారు, ఈ ఒక్కసారికి సణగవద్దని నా మాటగా చెప్పండి. పాపని తీసుకెళ్ళండి, పక్క గదిలో ఆడుకోమనకండి, కూర్చోబెట్టుకోండి. ముందు నిజం చెప్పండి, తర్వాత వాయించండి. ఈ వరస తిరగబడకూడదు. ముందు వాయించి ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాక చెబితే అది లంచం. ఆడిషన్ ఓడిపోయానని, ఆరు కచేరీలు ఆరు కాదని, ఏ మాటకీ కారణం జతచేయకుండా చెప్పండి. ఆయన కోప్పడవచ్చు. ‘నా డబ్బు బూడిదలో పోశావు’ అనవచ్చు, ఆ తరం వాళ్ళు అనేస్తారు. పడండి. నాలుగేళ్ళకి ఒక పూట తిట్లు ఎక్కువేం కాదు. మాట్లాడటం మానేస్తే రెండు రోజులు అక్కడే ఉండండి, హార్ప్ తీసుకుని వెనక్కి పరిగెత్తకండి.

ఆయన ఈ హార్ప్‌ని మెట్ల మీద మోశారు, తలుపులు పట్టుకున్నారు, కానీ ఒక్కసారీ తాకి వినలేదని రాశారు కదా. కోపం తగ్గాక ఆయన కుర్చీ హార్ప్ పక్కకి జరపండి. ప్రయాణంలో కుదుపులకి శ్రుతి ఎలాగూ చెడి ఉంటుంది. ఆయన చూస్తుండగానే 47 తీగలూ చేసుకోండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి, ఎంతసేపు పడుతుందో ఆయనకీ తెలియాలి. పాటకి ముందు ఆ కింది తీగ ఒకటి మీటండి, ఆయన చెయ్యి చెక్క మీద ఉండగా.

పై ఆదివారం ఎన్ని అని ఆయన అడిగితే, ఆసుపత్రిది కూడా కలిపి చెప్పండి.